పక్క విశ్వంలో పూర్తయిన వంతెన

తూర్పుకొండల విశ్వవిద్యాలయం ఉపకులపతి ఆచార్య విరూపాక్షం గారు పదకొండు రోజుల సదస్సు కోసం విదేశం వెళ్ళి, వస్తూ వస్తూ అనంతకోటి విశ్వాలు వెంట తెచ్చారు. విమానాశ్రయంలో ఎవరూ అడ్డుపెట్టలేదు. కనపడని సరుకు మీద సుంకం వేసే చట్టం మన దేశంలో ఇంకా రాలేదు.

వచ్చిన మూడోనాడే సెనేట్ హాల్లో సభ పెట్టించారు. హాజరు తప్పనిసరి. మైకు ముందు నిలబడి ఉపకులపతి గారు ఇలా సెలవిచ్చారు: "మిత్రులారా, మనం నిర్ణయం తీసుకునే ప్రతి క్షణంలోనూ విశ్వం రెండుగా చీలుతుంది. పొద్దున్న మీరు కాఫీ తాగారు. అదే క్షణంలో మీరు కాఫీ వద్దన్న విశ్వం ఒకటి పుట్టింది. అక్కడ మీరు టీ తాగుతున్నారు. ఇది ఊహ కాదు. గణితం."

ముందు వరసలో వాళ్ళు తలలూపారు. వెనక వరసలో పైడిరాజు మేస్టారు మాత్రం ఇది ఎక్కడ విన్నానా అని ఆలోచనలో పడ్డాడు. ఆయన ఫిజిక్స్ విభాగంలో ప్రయోగశాల చూసుకునే అధ్యాపకుడు. ఆ కొలువులో చేరి ఇరవై ఆరేళ్ళయింది. కాసేపటికి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మంగలి షాపులో పాత వారపత్రికల్లో చదివిన సీరియల్ అది. అందులో కథానాయకుడు అద్దంలోంచి పక్కలోకానికి దూకేవాడు. అక్కడ తన లాంటి వాడే ఇంకొకడు కూచుని అన్నం తింటుండేవాడు. తేడా ఒక్కటే. ఆ సీరియల్ కింద 'పాత్రలు, సంఘటనలు కల్పితం' అని చిన్న అక్షరాల్లో వేసేవారు.

ప్రశ్నలు అడగవచ్చునన్నారు. అడగవచ్చునంటే అడగకూడదని అర్థం. అది తెలియక పైడిరాజు లేచాడు.

"చిన్న సందేహమండి. ఏం జరిగితే ఈ సిద్ధాంతం తప్పని మనం ఒప్పుకోవాలి?"

ముందు వరసలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఉపకులపతి గారు జాలిగా నవ్వారు.

"పైడిరాజుగారూ, ఏం జరిగినా ఇది తప్పు కాదు. అదే దీని గొప్పతనం."

చప్పట్లు చాలాసేపు మోగాయి. పైడిరాజు కూచున్నాడు. ఏం జరిగినా తప్పుకానిది ఆ విశ్వవిద్యాలయంలో అంతవరకు రిజిస్ట్రారు గారి మాట ఒక్కటే. ఇప్పుడు రెండోది వచ్చింది.

ఆ నెలలోనే ఉపకులపతి గారు రాసిన 'అనంత విశ్వాలలో నేను' అనే పుస్తకం నలభై ప్రతులు గ్రంథాలయానికి చేరాయి. గ్రంథపాలకురాలు అనసూయమ్మ గారు పద్ధతి గల మనిషి. ఏ పుస్తకమైనా పది పేజీలు చదివి గానీ అలమరలో పెట్టదు. దీన్నీ అలాగే చదివి, తీసుకెళ్ళి శాస్త్రకల్పన నవలల అలమరలో పెట్టేసింది. మర్నాటికల్లా ఆవిడకి మెమో వచ్చింది.

"పదకొండో పేజీ కూడా చదవాల్సిందేమో అమ్మా," అన్నాడు పైడిరాజు.

"చదివాను మేస్టారూ. అందులో ఆయనకి ఆయనే ఎదురుపడి నమస్కారం పెట్టుకుంటారు. అది చూశాకే నవలల్లో పెట్టాను."

ఆ వివాదాన్ని తీర్చవలసిన భారం రిజిస్ట్రారు గుణనిధి గారి మీద పడింది. గుణనిధి గారికి భౌతికశాస్త్రం రాదు. నిబంధనలు వచ్చు. పుస్తకాన్ని ఆ అలమరలోంచి తీయిస్తే గ్రంథపాలకురాలు తప్పు చేసిందని ఒప్పుకున్నట్టు, ఆవిడ్ని నియమించిన విశ్వవిద్యాలయమూ తప్పు చేసినట్టు. అందుకని పుస్తకాన్ని కదపకుండా, 'శాస్త్రకల్పన' అని అలమరకున్న పేరు తీసేసి 'ఆధునిక భౌతికశాస్త్రం' అని రాయించారు. దానితోపాటు మూడు వందల పన్నెండు నవలలు ఒక్క పూటలో భౌతికశాస్త్రమైపోయాయి. ఆ వారం నుంచి విద్యార్థులు ఫిజిక్స్ పుస్తకాల కోసం ఎగబడటం మొదలెట్టారు. మౌలిక విజ్ఞానం పట్ల యువతలో ఆసక్తి పెరుగుతోందని ఉపకులపతి గారు పాలకమండలికి నివేదిక పంపారు.

అయితే ఉపకులపతి గారి ఉపన్యాసంలో అసలు సారం పట్టుకున్నవారు గుణనిధి గారొక్కరే. ఆయన గదిలో గోడ వెంబడి పదిహేనేళ్ళ అర్జీలు పేరుకుపోయి ఉండేవి. ఒకరోజు వాటివంక చూస్తుంటే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ప్రతి నిర్ణయం దగ్గరా విశ్వం చీలుతుందంటే, తను ఇక్కడ పక్కన పడేసిన ప్రతి అర్జీనీ పక్క విశ్వంలో తనే మంజూరు చేసి ఉంటాడు. ఆ అర్జీదారులు ఈపాటికి సంతోషంగా ఉండి ఉంటారు. అలాంటప్పుడు ఇంకా పెండింగు ఎక్కడిది?

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. 'విశ్వముల బహుళత్వము శాస్త్రీయముగా ధ్రువపడియున్నందున, ఈ కార్యాలయమునందు నిలిచియున్న సమస్త అర్జీలును వాటికి అనుకూలమగు సంబంధిత విశ్వములందు పరిష్కరింపబడినట్లు భావించి మూసివేయవలసినదిగా ఆదేశించడమైనది.' వారం తిరక్కుండా గోడ కనపడింది. సున్నం వేయించారు.

మూసేసిన అర్జీల్లో పైడిరాజుదీ ఒకటి ఉంది. విశ్వవిద్యాలయానికీ ఆడపిల్లల హాస్టలుకీ మధ్య నల్లగెడ్డ పారుతుంది. కొండల మీంచి దిగే వాగుని ఆ ప్రాంతంలో గెడ్డ అంటారు. వేసవిలో చీలమండ తడవదు. వానాకాలంలో మాత్రం దాని దారిన అది నడుము లోతుకి వస్తుంది. బండి రోడ్డున తిరిగి వెళ్తే ఆరు కిలోమీటర్లు, బస్సు లేదు. నడిచి దాటడానికి చిన్న వంతెన ఒకటి వేయించమని పైడిరాజు ఆరేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి జవాబు వచ్చింది: 'తాము కోరిన వంతెన సంబంధిత విశ్వమునందు పూర్తియైనది. ఇందుమూలముగా విషయము ముగిసినది.'

ఆ కాగితం పట్టుకుని ఆయన గుణనిధి గారి గదికి వెళ్ళాడు.

"వంతెన పూర్తయిందని రాశారండి."

"పూర్తయింది కదా. కూచోండి."

"ఎక్కడండీ?"

"ఉత్తర్వులోనే ఉంది. సంబంధిత విశ్వంలో."

"గెడ్డ ఈ విశ్వంలో ఉందండి."

గుణనిధి గారు ఫైలు తెప్పించి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశారు. "మీరు గెడ్డ గురించి అర్జీ పెట్టలేదు పైడిరాజుగారూ. వంతెన గురించి పెట్టారు. గెడ్డ గురించి వేరే పెట్టుకోండి, పరిశీలిస్తాం."

"పిల్లలు ఎలా దాటుతారండి?"

"క్షేమంగా దాటిన విశ్వాలు కూడా బోలెడన్ని ఉన్నాయి. మనిషన్నాక మంచివైపు చూడాలి."

ఈ లోగా ఈ సౌకర్యం సంగతి విద్యార్థుల చెవినా పడింది. నూటికి ముప్పై పాళ్ళు కూడా హాజరు లేని కుర్రాళ్ళు కొందరు, పక్క విశ్వంలో తాము ఒక్క క్లాసూ మానలేదని, ఆ హాజరు ఇక్కడ కలపమని అర్జీ రాసుకొచ్చారు. పరీక్ష తప్పినవాళ్ళు అక్కడ ప్యాసయ్యామన్నారు. గుణనిధి గారికి ముచ్చెమటలు పట్టాయి. ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. సంఘం నాలుగుసార్లు సమావేశమై, ఇతర విశ్వాలు నిజమేననీ, అయితే వాటిని వాడుకునే అధికారం పరిపాలన విభాగానికి మాత్రమే ఉందనీ తేల్చింది.

శ్రావణంలో గెడ్డ వచ్చింది.

ఆ ఏడాది ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చామంతి అనే అమ్మాయి ఉండేది. కొండ మీద ఇరవై గడపల గూడెం నుంచి డిగ్రీ దాటిన మొదటి మనిషి. ప్రాక్టికల్ పరీక్ష రోజున రికార్డు పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నెత్తిన కట్టుకుని గెడ్డలో దిగింది. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ కాలికింద రాయి దొర్లింది. నీళ్ళు యాభై గజాలు లాక్కుపోయి ఒక తాటిదుంగకేసి కొట్టాయి. ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు చీర విసిరి లాగారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి విరిగింది. పరీక్ష పోయింది.

మళ్ళీ పరీక్ష పెట్టమని ఎడంచేత్తో వంకరటింకరగా అర్జీ రాసింది. జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. దాన్ని పైడిరాజే ఆస్పత్రికి పట్టుకెళ్ళాడు. సంబంధిత విశ్వంలో ఆమె సదరు పరీక్ష రాసి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైనట్టు భావించడమైనది, అందుకు విశ్వవిద్యాలయం అభినందనలు తెలియజేస్తున్నది, అని ఉంది అందులో.

చామంతి రెండుసార్లు చదివింది.

"అయితే మేస్టారూ, ఆ పిల్లకి సెయ్యి ఇరగలేదన్నమాట."

"లేదట."

"మంచిదే, పాపం." కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. "మరి నాకేటి?"

పరీక్షలో ప్రశ్నకి జవాబు రాకపోతే సిగ్గుపడమని పైడిరాజు పిల్లలకి చెప్పేవాడు. ఆ సిగ్గు ఇప్పుడు ఆయనకి వచ్చింది. ఆస్పత్రి మెట్లు దిగి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా బస్టాండు పక్కన వెల్డింగు షాపుకి నడిచాడు.

షాపు తవిటినాయుడిది. విషయమంతా విని, రెండు నిమిషాలు బీడీ కాల్చి, "కాయితాలు ఎవడిస్తాడు మేస్టారూ?" అన్నాడు.

"ఎవడూ ఇవ్వడు."

"అయితే తొందరగా అయిపోద్ది."

ప్రయోగశాల వెనక పెరట్లో ఎప్పుడో తీసేసిన ఇనప కరెంటు స్తంభాలు నాలుగు తుప్పు పట్టి పడున్నాయి. వాటిని దొర్లించుకొచ్చారు. మూడు ఆదివారాలు పట్టింది. హాస్టలు పిల్లలు రాళ్ళు మోసి రెండు ఒడ్లనా దిమ్మలు పేర్చారు. తవిటినాయుడు స్తంభాల మీద ఇనపరేకులు పరిచి అతికాడు, నడుమెత్తున పట్టుకోడానికి గొట్టాలు పెట్టాడు. పని అయ్యాక పైడిరాజు ఎవర్నీ ఎక్కనివ్వలేదు. ఇరవై ఇసక బస్తాలు మధ్యలో వేయించి, ఒక పగలంతా ఉంచి, ఎంత వంగిందో స్కేలు పెట్టి చూశాడు. వేలి మందం కూడా వంగలేదు. బస్తాలు తీయగానే మళ్ళీ పైకి లేచింది. అప్పుడు తను నడిచాడు. తర్వాత పిల్లలు నడిచారు. రెండు వారాలు ఎవరి చెప్పులూ తడవలేదు. పరిపాలన భవనంలో ఎవరికీ ఈ సంగతి తెలియలేదు. గెడ్డ వైపు కిటికీలున్న గదులు వాళ్ళవి కావు.

అలాంటి రోజుల్లో విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి రాజధాని నుంచి పరిశీలక బృందం దిగింది. బృంద నాయకుడు పెద్దమనిషి, చేతిలో పట్టిక పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

"మంజూరైన అధ్యాపక పదవులు రెండు వందల ఇరవై అని ఉంది. మాకు పదకొండు మందే కనిపించారు."

ఉపకులపతి గారు తొణకలేదు. "విశ్వంలో నూటికి తొంభై అయిదు పాళ్ళు కంటికి కనపడదని శాస్త్రం చెబుతోంది. మా విశ్వవిద్యాలయం ఆ నిష్పత్తిని తు.చ. తప్పకుండా పాటిస్తోంది."

"మిగతావాళ్ళు ఉన్నారని తెలిసేదెలా?"

"విభాగాలు చెదిరిపోకుండా నిలబడి ఉన్నాయి కదండీ. ఏదో ఒకటి పట్టి ఉంచబట్టే కదా."

నాయకుడు ఆలోచించి, పట్టికలో టిక్కు పెట్టాడు. శాస్త్రం తెలియదని అనిపించుకోవడం ఆయన హోదాకి తగదు.

ఆ తర్వాత హాస్టలు చూస్తామన్నారు. అందరూ గెడ్డ దగ్గరికొచ్చారు. ఎదురుగా వంతెన. దాని మీదుగా ఇద్దరాడపిల్లలు పుస్తకాలు పట్టుకుని కబుర్లాడుకుంటూ వస్తున్నారు. ఉపకులపతి గారు గుణనిధి గారి వంక చూశారు. గుణనిధి గారు ఫైలు తిరగేశారు.

"మనం మంజూరు చేయలేదండి. ఈ విశ్వంలో ఉత్తర్వు లేదు," అన్నారు మెల్లగా. "మంజూరైనది ఆ విశ్వంలో."

ఉపకులపతి గారు వంతెనని ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా చూశారు. తర్వాత ఆయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

"ఇది అదే వంతెన," అన్నారు. "ఆ విశ్వంలో పూర్తయిన వంతెన ఇక్కడికి పొడుచుకొచ్చింది. అయ్యా, మీరు చూస్తున్నది బహుళ విశ్వాలకి ప్రపంచంలోనే మొట్టమొదటి ప్రత్యక్ష నిదర్శనం."

పరిశీలకులు చెప్పులు విప్పి నిలబడ్డారు. ఒకాయన ఇనపగొట్టాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. విశ్వవిద్యాలయానికి అన్నిటికన్నా పై గ్రేడు వచ్చింది.

మర్నాడు వంతెనకి రెండు వైపులా ముళ్ళకంచె పడింది. బోర్డు పెట్టారు: 'విశ్వాంతర వారధి. శాస్త్రీయ సంరక్షిత కట్టడము. ఎక్కరాదు, తాకరాదు.' కర్రతో ఒక కాపలాదారు నిలబడ్డాడు. పిల్లలు వంతెన పక్కనుంచే మళ్ళీ గెడ్డలో దిగారు.

పైడిరాజు ఉపకులపతి గారి దగ్గరికి పరుగెత్తాడు. గదిలో గుణనిధి గారూ ఉన్నారు.

"అది నేనూ, తవిటినాయుడూ కట్టామండి. స్తంభాలు మన పెరట్లోవి. అతుకులు చూడండి, ఇంకా మసి పోలేదు."

"మీరు కట్టినట్టు మీకు జ్ఞాపకం ఉండటం సహజమే," అన్నారు ఉపకులపతి గారు ఆప్యాయంగా. "వంతెన ఇటు వచ్చేటప్పుడు దాని తాలూకు జ్ఞాపకాలు కూడా కొన్ని వచ్చి ఉంటాయి. నా తర్వాతి పరిశోధన దాని మీదే."

గుణనిధి గారు బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు. "మీరే కట్టారంటే అది అనుమతి లేని కట్టడం. నిబంధన ప్రకారం కూల్చేయాలి, మీ మీద చర్య తీసుకోవాలి. ఇది ఆ కాగితం. కట్టలేదని, అది ఆ విశ్వానిదేనని రాసిస్తే ఉంటుంది. ఇది రెండో కాగితం. రేపటిలోగా ఏదో ఒకదాని మీద సంతకం పెట్టండి."

సాయంత్రం వెల్డింగు షాపులో తవిటినాయుడు అంతా విన్నాడు. "నా పేరు లేకపోతే లేకపోనాది మేస్టారూ. నాకు బోర్డులు వద్దు. పిల్లలు నడిస్తే సాలు. ఎక్కనివ్వకుండా ఆ కర్రోడొకడు. ఆడికెవడిచ్చాడంట అధికారం, ఆ విశ్వంలో వంతెన మీద?"

పైడిరాజు తల ఎత్తి చూశాడు. తవిటినాయుడు ఆ మాట పట్టించుకోకుండా అప్పటికే వేరే పనిలో పడిపోయాడు.

మర్నాడు పైడిరాజు రెండు కాగితాలూ అలాగే పట్టుకెళ్ళి గుణనిధి గారి ముందు కూచున్నాడు.

"అది ఆ విశ్వానిదేనని రాసిస్తానండి. కానీ ఒక సందేహం. వేరే విశ్వంలోని ఆస్తి మీద మన కాపలాదారుని ఏ నిబంధన కింద పెట్టారు?"

గుణనిధి గారు నవ్వబోయి ఆగిపోయారు. నిబంధనల పుస్తకం తెరిచారు. విశ్వవిద్యాలయ పరిధి ఉత్తరాన కొండ, దక్షిణాన జాతీయ రహదారి అని ఉంది. ఇతర విశ్వాల ప్రస్తావన ఎక్కడా లేదు. మొదటిసారిగా ఆయన కళ్ళలో భయం కనిపించింది. పరిధి దాటి సిబ్బందిని నియమించినందుకు ముందున్న రిజిస్ట్రారుని ఏం చేశారో ఆయనకి తెలుసు.

"కంచె కూడా అంతేనా?" అన్నారు నీరసంగా.

"కంచె కూడా అంతేనండి. మన పరిధిలో లేనిదాన్ని ఎక్కొద్దనే అధికారం మనకి లేదు కదా. ఎక్కమనే అధికారమూ లేదనుకోండి. ఎక్కితే చూస్తూ ఊరుకోవడమే."

గుణనిధి గారు కంచె తీయించి, కాపలాదారుని వెనక్కి పిలిపించే ఉత్తర్వు అక్కడికక్కడే రాయించారు. తర్వాత పైడిరాజు వైపు రెండో కాగితం జరిపారు.

పైడిరాజు పెన్ను మూత తీశాడు. ఇరవై ఆరేళ్ళలో పిల్లల రికార్డుల్లో దొంగ రీడింగు ఒక్కటి కనపడినా ఎర్రసిరాతో కొట్టేసినవాడు. దాని కోసం ఒక మంత్రిగారి మేనల్లుడిని కూడా తప్పించి, రెండేళ్ళు బదిలీ అనుభవించినవాడు. 'సదరు వంతెనను నేను నిర్మించలేదు' అనే వాక్యం మీద చూపు చాలాసేపు ఆనింది. కిటికీలోంచి వాన చప్పుడు వినపడుతోంది. సంతకం పెట్టాడు. గుణనిధి గారు దాని మీద కార్యాలయం ముద్ర వేశారు.

ఉపకులపతి గారి పరిశోధన పత్రం ఆ చలికాలంలో అచ్చయింది. సంక్రాంతికి ముందే ఆయనకి రాజధానిలో ఇంకా పెద్ద పదవి వచ్చింది. సన్మాన సభలో పైడిరాజుకీ ఒక శాలువా కప్పారు. విశ్వాంతర వారధిని మొట్టమొదట చూసిన సాక్షిగా.

చామంతికి చెయ్యి అతుక్కుంది. తర్వాతి పరీక్షలు వచ్చేలోగా, తను చేయలేకపోయిన ప్రయోగాలన్నీ మళ్ళీ చేసుకుంటానని ప్రయోగశాలకి రావడం మొదలెట్టింది. ఒకరోజు లోలకం ఊపుతూ గురుత్వ త్వరణం లెక్క కట్టింది. తొమ్మిది పాయింటు ఎనిమిది రావాలి. తొమ్మిది పాయింటు మూడు వచ్చింది. మళ్ళీ లెక్క చూసుకుంది. మళ్ళీ అంతే.

"మేస్టారూ, పుస్తకంలో ఉన్నది రాసీమంటారా?"

పైడిరాజు అద్దాల బీరువా వైపు తిరిగి, తుడిచిన గాజే మళ్ళీ తుడిచాడు.

"నీకొచ్చిందే రాయి," అన్నాడు చివరికి.

"మరి ఆ తేడా ఎటు పోనట్టు? వీసీగారైతే పక్క విశ్వంలోకి కారిపోనాదనేవోరు." చెప్పి, తనే నవ్వింది.

ఆయన వచ్చి లోలకం దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఎటూ పోలేదమ్మా. దారం పొడుగు గుండు పైదాకానే కొలిచావు. గుండు మధ్యదాకా కొలవాలి. మళ్ళీ కొలువు."